యాపిల్స్ కోసం ఉద్యోగాలు మానేసిన దేశం

అమెరికా అధ్యక్షుడిగా చేసిన హెర్బర్ట్ హూవర్ మీద నాకు మొదట్లో పెద్ద కోపమేం లేదు. 1928 ఆగస్టులో, పేదరికం మీద ఆఖరి గెలుపు దగ్గర్లోనే ఉందన్నాడు. ఎన్నికల ముందు ఎవరైనా ఏదో ఒకటి అంటారు, వదిలేద్దాం. షేర్ల ధరలు ఇక కిందికి దిగని ఎత్తుకి చేరాయని యేల్ ఎకనామిక్స్ ప్రొఫెసర్ ఇర్వింగ్ ఫిషర్ అంతటివాడే 1929 అక్టోబరులో చెప్పాడు, పది రోజులు తిరక్కముందే మార్కెట్ కుప్పకూలింది. ఆయన సొంత డబ్బే పోయింది కాబట్టి ఆయన్నీ వదిలేద్దాం.

నాకు కాలింది ఎక్కడంటే, హూవర్ పదవి దిగిన దాదాపు 20 ఏళ్లకి, 1952లో అచ్చయిన జ్ఞాపకాల్లో. మార్కెట్ కూలాక వచ్చిన మహా మాంద్యంలో, 1930 చివర్లో, న్యూయార్క్ వీధుల్లో పని పోయినవాళ్లు యాపిల్స్ అమ్మారు, ఒక్కోటి 5 సెంట్లు. పండ్ల వ్యాపారుల సంఘమే అరువుకిచ్చింది. దాని గురించి ఈ పెద్దమనిషి ఏం రాశాడయ్యా అంటే, చాలామంది ఉన్న ఉద్యోగాలు వదిలేసి మరీ యాపిల్స్ అమ్మకానికి దిగారట, అందులో లాభం ఎక్కువట!

వదిలేసి మరీ.

సరే, అధ్యక్షుడంతటివాడు చెప్పాడు, నమ్ముదాం. వాల్ స్ట్రీట్‌లో ఓ గుమాస్తా పొద్దున్నే మేనేజరు గదిలోకెళ్లి రాజీనామా కాగితం పెడతాడు. "ఏం, జీతం చాలట్లేదా?" "యాపిల్స్ సార్." మేనేజరు గబుక్కున లేచి, తలుపు గడియ పెట్టి, గొంతు తగ్గించి, "ఏ మూల?" "నలభై రెండో వీధి." "అదృష్టవంతుడివయ్యా! మా బావమరిది మూణ్ణెల్లుగా తిరుగుతున్నాడు, వాడికి బ్రూక్లిన్ దాటి దొరకలేదు." మర్నాటి నుంచి మనవాడు గడ్డకట్టే చలిలో, బూటు అడుగున చిల్లు పడితే లోపల అట్టముక్క పెట్టుకుని (లాభాలు మరీ ఎక్కువైతే అట్ట పెట్టుకోవడం ఆనవాయితీ) పెట్టె పక్కన నిలబడతాడు. పక్క మూలలో ఇంకో లాభసాటి మనిషి, వాడి పక్కన మరొకడు. అందరూ అమ్మేవాళ్లయితే కొనేదెవరని అడక్కండి, అది ఎకనామిక్స్. సాయంత్రం లాభాలన్నీ మూటకట్టుకుని ఉచిత సూప్ కోసం క్యూలో చేరతాడు. 1933 నాటికి అమెరికాలో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు, అంటే ఈయన లెక్కన దేశంలో పావు వంతు యాపిల్ జమీందార్లే.

నవ్వుకుంటూనే ఉండేవాణ్ణి గానీ, అదే మనిషి హయాంలో అనకోస్టియా కూడా జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన సిపాయిలకి బోనస్ ఇస్తామని 1924లో చట్టం చేశారు, చేతికొచ్చేది మాత్రం 1945లోనట. అప్పటిదాకా బతికుంటే కదా, ఇప్పుడే ఇవ్వండని 1932 వేసవిలో వేలమంది, కొందరు పెళ్లాంపిల్లలతో సహా, వాషింగ్టన్ వచ్చి అనకోస్టియా నది ఒడ్డున రేకులతో, అట్టపెట్టెలతో గుడిసెలేసుకున్నారు. జూన్‌లో ప్రతినిధుల సభ సరేనంది, సెనేట్ కుదరదంది. హూవర్ మొదట్నుంచీ వద్దనే అన్నాడు, బడ్జెట్ పాడవుతుందట. సరిగ్గా ఆ జూన్‌లోనే, బ్యాంకులకి అప్పులిచ్చే ప్రభుత్వ సంస్థ అధ్యక్షుడు, మాజీ ఉపాధ్యక్షుడు చార్లెస్ డాస్ రాజీనామా చేసి షికాగోలో తన బ్యాంకుకి వెళ్లాడు, నెల తిరక్కుండా ఆ బ్యాంకుకి అదే సంస్థ నుంచి 9 కోట్ల డాలర్ల అప్పు మంజూరైంది. లాభసాటి పని కోసం ఉద్యోగం వదిలేసినవాడు నిజంగానే ఒకడున్నాడు, యాపిల్స్ మాత్రం అమ్మలేదు.

జూలై 28న పోలీసు తూటాలకి ఇద్దరు మాజీ సిపాయిలు బలయ్యారు. ఆ సాయంత్రం సైన్యాధిపతి జనరల్ మెకార్థర్ గుర్రపు దళంతో, ట్యాంకులతో, టియర్ గ్యాస్‌తో దిగాడు. ఎవరి మీదకి? ఫ్రాన్స్ కందకాల్లో జర్మన్ల విషవాయువు పీల్చి వచ్చిన సొంత సిపాయిల మీదకి, గుడిసెల్లో ఉన్న వాళ్ల పసిపిల్లల మీదకి! రాత్రికి గుడిసెలు తగలబడ్డాయి. సిగ్గుండాలి. మెకార్థర్ పదవికి ఏమీ కాలేదు. ఇంత చేసి, రెండు దశాబ్దాలు ఆలోచించుకుని హూవర్ రాసిన ముక్క, జనం లాభం కోసం యాపిల్స్ అమ్ముకున్నారని.

ఆ నవంబరు ఎన్నికల్లో 48 రాష్ట్రాల్లో హూవర్‌కి 6 దక్కాయి. మిగతా 42 రాష్ట్రాల వాళ్లు ఆ రోజు బేరాలు వదిలేసుకుని మరీ ఓటేయడానికి వెళ్లుంటారు.