నాకు నాయకత్వం వచ్చింది

ఐదు రోజుల టీచర్ల శిక్షణలో నాకు నాయకత్వం వచ్చేసింది. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, అనుమానమక్కర్లేదు.

మాది దేవరకొండ వైపు ఒక తండా బడి. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, అన్నిటికీ కలిపి నేనొక్కణ్ణే. హెడ్మాస్టర్ని నేనే, క్లర్కుని నేనే, గంట కొట్టేదీ నేనే. అందుకే మొదటిరోజు 'మీ బృందంలో ఉత్సాహం నింపడమెలా' అని స్లయిడ్ పడగానే శ్రద్ధగా రాసుకున్నాను. ఇకనుంచి పొద్దున్నే అద్దంలో చూసుకుని నా భుజం నేనే తట్టుకుంటాను.

రెండోరోజు చార్టు వేయమన్నారు. నాయకత్వాన్ని చెట్టులా గీయాలట. వేళ్లు దార్శనికత, కాండం విలువలు, పండ్లు ఫలితాలు. మా గ్రూపులో ఆరుగురం, దాదాపు అందరివీ ఏకోపాధ్యాయ బడులే. గ్రూప్ లీడర్ ఎవరన్న దగ్గరే అరగంట పోయింది, ఇంకొకరి మాట వినే అలవాటు ఎవరికీ లేదు మరి. తర్వాత ఏ చెట్టన్న పంచాయితీ. మామిడి అన్నారొకరు. మన దిక్కు తుమ్మలే కదా అన్నాను. తుమ్మకు పండ్లేవి, ఫలితాలెక్కడ వేలాడదీస్తారని ట్రైనర్ గారు నిలదీశారు. చివరికి తుమ్మచెట్టుకు మామిడిపండ్లు కాయించాం. చప్పట్లు కొట్టారు. వచ్చే ఏడు రిటైరయ్యే సారొకాయన బీపీ గోళీ వేసుకుని ఆకులకు పచ్చరంగు పూశారు. ఆ ఐదు రోజులు నా బదులు నా బడికి సర్దుబాటు మీద వెళ్లాల్సింది ఆయనే.

బడికి తాళం.

2020 జాతీయ విద్యా విధానం ప్రకారం టీచరుకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలి. వద్దన్నదెవరు? నాకూ నేర్చుకోవాలనే ఉంది. మా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఒకటో తరగతి పిల్ల ఆ రెండు పేజీల మధ్య కూర్చుని నా మొహం చూస్తుంది. ఆ పిల్లకు చదువెట్లా చెప్పాలో నేర్పండి అని అడిగాను. మంచి ప్రశ్న అన్నారు. పసుపు చీటీ మీద రాయించి, గోడకున్న 'పార్కింగ్ స్థలం' అనే చార్టుకు అతికించారు. జవాబు లేని ప్రశ్నలన్నీ అక్కడ ఆగుతాయట. నాది ఇంకా అక్కడే ఆగి ఉంది.

సిగ్గుండాలి. 2024 నవంబర్ 6 నుంచి ఇంటింటి సర్వే అన్నారు, ప్రాథమిక బడులు ఒంటిపూట చేసి మమ్మల్ని గడపగడపకూ తిప్పారు. ఓట్లొస్తే మేమే, జనాభా లెక్కలొస్తే మేమే. పిల్లకు తీసివేత రాకపోతే మాత్రం సారుకు నాయకత్వ లక్షణాలు తక్కువ! తండాకు రెండో టీచర్ని పంపడం చేతగాక, ఉన్న ఒక్కణ్ణి పట్టుకుపోయి చెట్లు గీయిస్తారా?

సోమవారం తాళం తీశాను. మూడో తరగతి పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"యాడికి పోయినవ్ సార్?"

"నాయకత్వం నేర్చుకోనీకి పోయిన."

నా సంచిలో చెయ్యిపెట్టి వెతికింది. పచ్చ మార్కర్ దొరికింది, తీసుకుపోయింది.