సవరణ: గని దారి కోతలో రాతిపొరల వాలు

పులివెందుల–వేంపల్లె గని దారుల కోతల (దారి కోసం కొండను తవ్వగా మిగిలిన గోడల) గురించి మొన్న "కోత కంటే రాతిపొర నిటారుగా ఉంటేనే జారుతుంది" అని రాశాం. అది తలకిందులు, దయచేసి కొట్టేయండి. పొర దారివైపు వాలి, ఆ వాలు కోత కోణం కన్నా తక్కువ, ఘర్షణ కోణం (పొర మీద పొర జారకుండా నిలవగలిగే గరిష్ఠ వాలు) కన్నా ఎక్కువ ఉంటేనే పలక జారుతుంది. కోత 60°, పొర 35°, ఘర్షణ 25° అయితే ప్రమాదమే. పొర 70° అయితే ఆ తీరున జారదు.

ఇక్కడి పొరలు ఎక్కువగా ఈశాన్యానికి, 15° దరిదాపుల్లో వాలతాయి. కాబట్టి ముందు దారికి నైరుతి పక్కనున్న కోత చూడండి. 15° కొంచెమేలే అని వదలొద్దు. షేల్ (పలుచని పొరలుగా విడిపోయే మట్టిరాయి) పొరల నడుమ బంకమట్టి తడిస్తే ఘర్షణ కోణం 12°కి కూడా పడిపోవచ్చు, పై పగుళ్లలో నిండిన నీళ్లు వెనకనుంచి తోస్తాయి. అక్టోబరు వానలకు ముందే, నీళ్లు లోపలికి దిగకుండా పై పగుళ్లు బంకమట్టితో పూడ్చి, కోత పైన నీళ్లు మళ్లించే కాలువ తీయించండి.