పల్లకీ రాకముందే ప్రొజెక్టర్ పోయింది

పోయిన ఉగాదికి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం చేసిన సంబరాల ఫ్లయర్ ఇంకా మీ ఫోన్లో ఉంటే ఒకసారి తీసి చూడండి. అట్టడుగున, పార్కింగ్ వివరాలకీ స్పాన్సర్ల లోగోలకీ మధ్య ఇరుక్కుని ‘మధ్యాహ్నం 2 గంటలకు పక్క గదిలో మల్లీశ్వరి’ అని ఒక లైను ఉంటుంది. 1951 నాటి ఆ పాత సినిమా కోసం మూడు ఈసీ (కార్యవర్గం) మీటింగుల్లో అడగ్గా అడగ్గా నాకు దొరికిన లైను అది.

తొమ్మిదిమందిమి పోగయ్యాం. నేను, మా ఆవిడ, నేను బతిమాలి లాక్కొచ్చిన ఇద్దరు మిత్రులు, పిల్లల దగ్గరికి వచ్చి ఉన్న ఇద్దరు పెద్దవాళ్ళు, చంటిపిల్లల్ని నిద్రపుచ్చడానికి చీకటి గది వెతుక్కుంటూ వచ్చిన ఇద్దరు తల్లులు, ఫోను చార్జింగ్ పెట్టుకోవడానికి వచ్చిన ఒకాయన. ఈ చివరాయన మొదట గోడ పక్కన ప్లగ్గు దగ్గరే నించుని ఫోను చూసుకుంటున్నాడు. బండి పాట అయి, వానలో సత్రం సీను వచ్చేసరికి చూస్తే ఫోను ప్లగ్గు దగ్గరే ఉంది, ఆయన మాత్రం ముందు వరసలో కుర్చీ అంచుమీద కూర్చుని ఉన్నాడు. మల్లిగా భానుమతి ఆడింది, పాడింది. మారువేషంలో ఉన్న రాయలవారి ముందే బావ నాగరాజు మల్లికి పల్లకీ పంపించాలని వేళాకోళానికి అనేశాడు. ఆ తర్వాత మల్లి వాళ్ళమ్మ చేత మాటలు పడి, సంపాదించుకొస్తానని ఊరు విడిచి వెళ్ళాడు. ఇక పల్లకీ రావాలి.

తలుపు తెరుచుకుంది. వచ్చింది పల్లకీ కాదు, మెడలో బ్యాడ్జీలతో ఇద్దరు వాలంటీర్లు. “సారీ అంకుల్, మెయిన్ హాల్లో ప్రొజెక్టర్ పనిచేయట్లేదు. హీరో గారు బయల్దేరారంట, ఏవీ ప్లే చేయాలి” అన్నారు పాపం ఆ పిల్లలు. ఏవీ అంటే హీరో గారి మీద చేసిన వీడియో. నిజంగానే వాళ్ళ మొహాల్లో సారీ ఉంది. లైటు వేశారు, చంటిపిల్లలు లేచి ఏడుపు. ప్రొజెక్టర్ ఊడదీస్తుంటే కేబుల్ చుట్టి ఇచ్చింది ఎవరనుకున్నారు? నేనే. అంతేనా, వెళ్ళి మెయిన్ హాల్లో కూర్చుని ఆ ఏవీకి చప్పట్లు కొట్టాను, సెల్ఫీ లైన్లో కూడా నించున్నాను. ఆ సెల్ఫీలో నా మొహం చూసి మా అమ్మాయి “ఎందుకు నాన్నా అలా ఉన్నావ్, కడుపునొప్పా?” అంది.

కమిటీని తిట్టడానికి ఇది రాయట్లేదు (కొంచెం తిడతాను, ఓర్చుకోండి). హీరో వస్తేనే టికెట్లు అమ్ముడవుతాయి, టికెట్లు అమ్ముడైతేనే హాలు అద్దె కట్టగలం, ఆ మిగిలిన డబ్బుల మీదే పిల్లల పద్యాల పోటీలూ నడుస్తాయి. రెండేళ్ళు ట్రెజరర్ పక్కన కూర్చుని లెక్కలు చూసినవాణ్ణి, నాకు తెలుసు. ప్రీమియర్లంటే చిరాకుపడే రకాన్ని కూడా కాదు. హీరో ఎంట్రీకి కాయితాలు విసిరి, షో అయ్యాక మేనేజరు కోపంగా చూస్తుంటే వంగి ఏరినవాణ్ణి. కానీ మొదటి రోజు వసూళ్ళ లెక్కలు డాలర్లలో నోటికి చెప్పే మనం, 1953లోనే చైనాలో చైనీస్ సబ్‌టైటిల్స్‌తో ఆడిన మన సినిమాని ఒక్క గదిలో, ఒక్క పూట, చివరిదాకా నడవనివ్వలేకపోయాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అది. ‘అంకుల్’ అన్న పిలుపూ కొంత.

అప్పుడు పెట్టుకున్నాను ఈ చాలెంజ్. ఉగాది నుంచి ఉగాదికి 52 వారాలు, 52 తెలుగు సినిమాలు, 1951 నుంచి 2002 దాకా ఏడాదికొకటి. అంతకుముందు నుంచి మొదలుపెడదామంటే మన మొదటి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’, ప్రింటే మిగల్లేదు. దాన్ని ఇక ఎవరూ ఏ చాలెంజ్‌లోనూ చూడలేరు. రూల్స్ మూడే: పాటలు దాటెయ్యకూడదు, ఫోను పక్క గదిలో ఉండాలి, ఆ సినిమా నేను ఇదివరకు మొత్తం చూసి ఉండకూడదు. ఈ మూడో రూలు పెట్టుకున్నాకే నా బండారం బయటపడింది. పాత సినిమాల పిచ్చోడు అని పేరు తెచ్చుకున్న నేను వాటిలో సగానికి సగం పాటల వరకో, టీవీలో మధ్యలోంచో, ఎవరో పంపిన క్లిప్పుల్లోనో చూసినవే. అంత కొట్లాడి పెట్టించిన ‘మల్లీశ్వరి’ కూడా నేను మొదట్నుంచి చివరిదాకా ఒక్క బిగిన చూసింది లేదు.

‘దేవదాసు’ (1953) చూసి ఏడుస్తాననుకున్నాను, ఒళ్ళు మండింది. అతగాడు తాగినంతసేపూ పాటలు అమృతంలా ఉన్నాయి, అది వేరే సంగతి. కానీ అర్ధరాత్రి ఇంటికొచ్చి అడిగే ధైర్యం పార్వతిది, నీళ్ళు నమిలింది అతను, సానుభూతి మొత్తం అతని ఖాతాలో ఎలా పడిందో నాకర్థం కాలేదు. చివర్లో పార్వతి పరుగెత్తుకొస్తుంటే తలుపులు మూసేస్తారు చూడండి, అక్కడ ఏడ్చాను, అదీ పార్వతి కోసమే.

‘మాయాబజార్’ (1957) ఎవరు చూడలేదు అంటారు. నేను చూడలేదు, మొత్తంగా. మా అమ్మాయి పక్కన కూర్చుంది, పదిహేనేళ్ళది, సబ్‌టైటిల్స్ చదువుకుంటూ. గంటన్నర అయ్యాక “నాన్నా, మరి పాండవులు ఎప్పుడొస్తారు?” అంది. నేను నోరు తెరిచి, మూసుకున్నాను. రారు. భారతం మీద తీసిన సినిమాలో పాండవులు తెరమీదకే రారు, ఇన్నేళ్ళుగా నాకు ఆ లోటు తెలియనే లేదు. ఘటోత్కచుడూ శశిరేఖా కళ్ళ నిండా ఉంటే ఇంకెవరు గుర్తొస్తారు. ఆ రాత్రి వెతికి వెతికి, ఆ వెన్నెల పడవ పాట వెన్నెల పట్టిన కెమెరామన్ పేరు మార్కస్ బార్ట్‌లీ అని మా అమ్మాయే నాకు చెప్పింది. యాభై దాటాక తెలిసింది, సిగ్గుపడ్డాను.

అలాగని పాత సినిమా కనబడగానే చేతులు జోడించేవాళ్ళంటే నాకు కాయితాలు విసిరేవాళ్ళకంటే ఎక్కువ భయం. ‘గుండమ్మ కథ’ (1962) మనందరికీ ఇష్టమే, సూర్యకాంతం కనబడితే చాలు మా ఇంట్లో నవ్వులే. ఈసారి మాత్రం కొంచెం గుచ్చుకుంది. సవతి కూతురు చాకిరీ చేసి చేసి మంచిదనిపించుకుంటుంది, సొంత కూతురి పొగరు అణచడానికి రెండో సగమంతా ఖర్చుపెట్టారు, అణిగింది, మనం చప్పట్లు కొట్టాం. మా అమ్మాయి మధ్యలో లేచి వెళ్ళిపోయింది. పిలవలేదు నేను.

‘సాక్షి’ (1967) దగ్గర మాత్రం ఇరుక్కుపోయాను. బాపు మొదటి సినిమా, గోదావరి జిల్లా పల్లెలో తీసింది. ఒక అమాయకుడు కోర్టులో హంతకుడి మీద సాక్ష్యం చెప్తాడు. శభాష్ అన్న ఊరు, ఆ హంతకుడు తిరిగొచ్చేసరికి ఒక్కో తలుపూ వేసేసుకుంటుంది. నేను సోఫాలోంచి లేచి కూర్చున్నాను. ఎందుకంటే ఆ ప్రొజెక్టర్ పోయిన రోజు ఎనిమిదిమందీ “మీరు కమిటీకి ఈమెయిల్ పెట్టండి సార్, మేమంతా సంతకం చేస్తాం” అన్నారు. పెట్టాను. సంతకాలు ఎన్ని వచ్చాయో చెప్పను గానీ, మా ఆవిడ కూడా “నా పేరెందుకండీ, రేపు వాళ్ళ మొహం చూడాలి” అంది. కమిటీ నుంచి వచ్చిన జవాబు బొటనవేలు బొమ్మ ఒకటి. అది ‘సరే’ అనా, ‘చూశాం’ అనా, ఇప్పటికీ తెలీదు.

ప్రతి ఆదివారం నాన్నకి ఫోన్ చేస్తాను. ఇదివరకు బీపీ, వాన, కరెంటు, మూడు నిమిషాల్లో అయిపోయేది. చాలెంజ్ మొదలయ్యాక ఈ వారం ఏం చూశావురా అని ఆయనే ముందు అడుగుతున్నాడు. కథ మాత్రం చెప్పనివ్వడు. ఎవరితో వెళ్ళాడో, నేల టికెట్టా బెంచీనా, రీలు ఎక్కడ తెగిందో, ఇవే చెప్తాడు. 1964కి ‘మూగమనసులు’ చూశానన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత “పరీక్ష ఎగ్గొట్టి చూశాన్రా దాన్ని, మీ తాతకి చచ్చేదాకా తెలీదు” అన్నాడు. సినిమాకి వెళ్ళానని నన్ను చింతబరికెతో కొట్టిన మనిషి! పాతికవేల మైళ్ళ కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

1977కి ‘ఒక ఊరి కథ’. బెంగాలీ మృణాళ్ సేన్, ప్రేమ్‌చంద్ కథని తెలుగులో తీస్తే, తెలుగువాళ్ళం మనం దాని మంచి ప్రింటు కోసం తలకిందులవ్వాల్సి వస్తోంది. నాకు దొరికిన కాపీలో మనుషులు నీడల్లా ఉన్నారు, అయినా ఆ తండ్రీ కొడుకుల బద్ధకం, ఆ ఆకలి మూడు రోజులు వదల్లేదు. 1979 కోటాలో ‘మా భూమి’ వేసుకున్నాను. 1980కి ‘శంకరాభరణం’. ఒప్పుకుంటున్నాను, మొదటి అరగంట కునుకు తీశాను, శంకరశాస్త్రి గారి కోపాలు కొన్ని నాకు మింగుడు పడలేదు. నన్ను నిద్రలేపింది మంజుభార్గవి. దాదాపు మాట్లాడదు ఆవిడ, గుమ్మం దగ్గర అలా నిలబడుతుంది అంతే. ఆ సినిమాకి మొదటి వారం హాళ్ళు ఖాళీగా ఉన్నాయంటారు. తొమ్మిదిమందే ఉన్నారని ఆ వారంలోనే ఎవరో వచ్చి ప్రొజెక్టర్ పట్టుకుపోయి ఉంటే?

1987 దగ్గర వారం రోజులు గింజుకున్నాను. ‘పుష్పక విమానం’, ‘అహ నా పెళ్ళంట’, ‘పడమటి సంధ్యారాగం’, మూడూ ఆ ఏడాదివే. మొదటి రెండూ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు కాబట్టి రూలు ప్రకారం మూడోది. జంధ్యాల దాన్ని ఇక్కడే, అమెరికాలోనే తీశారు. అందులో క్రిస్‌గా వేసిన కుర్రాడు థామస్ జేన్ తర్వాత హాలీవుడ్ నటుడయ్యాడు, అతని మొదటి సినిమా మన తెలుగుదే. అమెరికా వచ్చి, ఇక్కడి గాలి కూతురికి సోకకూడదని తలుపులు బిగించుకునే తండ్రి ఉంటాడు అందులో. దాన్ని కాలేజీ రోజుల్లో చూసి ఉంటే కూతురిగా వేసిన విజయశాంతి పక్షాన ఉండేవాణ్ణి. ఇప్పుడు ఆ తండ్రి కేకలేసే ప్రతి సీనులోనూ మా అమ్మాయి నా వైపు తిరిగి చూసింది. రిమోట్ నా చేతిలోనే ఉంది, ఆపలేదు, అదొక్కటే నేను చేసిన మంచిపని. ముప్ఫై ఎనిమిదేళ్ళకి పైగా అయింది ఆ సినిమా వచ్చి, మన సంఘాల వేదికల మీద మనం ఇంకా ఆ గొడవే పడుతున్నాం, అంత ముద్దుగా మాత్రం పడట్లేదు.

మొత్తం మీద 52లో 47 చూశాను. నాలుగు వారాలు ఆఫీసు, జ్వరం, ఒక ఊరి ప్రయాణం మింగేశాయి. ఐదో ఖాళీ సంగతి చివర్లో చెప్తాను.

ఇప్పుడు కమిటీ పెద్దలకి. హీరోని పిలవండి, నేనూ టికెట్ కొంటాను, లైన్లో నించుంటాను. కానీ మన సినిమా ప్రేమ మొత్తం ఆ లైన్లోనే అయిపోకూడదు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ నిర్మాత ప్రవీణ పరుచూరి గారు అమెరికాలో గుండె డాక్టరు. పెద్ద పేరున్న ఒక్క మొహం లేకుండా, ఆ పేటలోని మనుషులతోనే తీసిన సినిమాకి డబ్బు పెట్టింది మనలాంటి చోట ఉండే మనిషి, సలీమాగా నటించిందీ ఆవిడే. అలాంటి ఇంకొకరు మన పిల్లల్లో ఉండొచ్చు. వాళ్ళకి ఏవీ తప్ప ఏమీ చూపించకపోతే ఎలా? నేనడిగేది స్టేజి కాదు, బడ్జెట్ కాదు, మెమెంటో అసలే కాదు. ఏడాదికి నాలుగుసార్లు, ఒక గది, మూడు గంటలు, లోపల్నుంచి గడియ పడే తలుపు. ప్రొజెక్టర్ నేనే కొనుక్కున్నాను, మెయిన్ హాల్లోది మళ్ళీ పాడైతే దయచేసి ఇటు రాకండి. ఇంకో చిన్న మనవి, ఫ్లయర్‌లో ఆ లైను పార్కింగ్ కంటే కాస్త పైన ఉంటే బాగుంటుంది.

ఆ ఐదో ఖాళీ 1951. ‘మల్లీశ్వరి’ ఇంట్లో ఒక్కడినే కూర్చుని ముగించాలంటే మనసొప్పలేదు. మొన్న కిరాణా కొట్టు పార్కింగ్‌లో ఆ చార్జింగ్ ఆయన కనబడ్డాడు. నా పేరు ఆయనకి తెలీదు, ఆయన పేరు నాకు తెలీదు. ట్రంకు మూసేసి వచ్చి, “ఇంతకీ ఆ పల్లకీ వచ్చిందా సార్?” అని అడిగాడు. చెప్పలేదు. ఉగాదికి రెండింటికి రండి అన్నాను. గది అయితే ఇంకా ఎవరూ ఖాయం చేయలేదు.