మనం తప్ప ఇంకెవరూ రాకూడని తీరం

ఇటలీ వాయవ్య తీరంలోని లిగూరియా ప్రాంతంలో, సముద్రంలోకి నిట్టనిలువుగా దిగే కొండలను పట్టుకుని అయిదు ఊళ్ళు ఎందుకు వెలిశాయని అడిగితే, చరిత్రకారులు సముద్రపు దొంగల భయమనీ, ద్రాక్షసాగు అనీ ఏవేవో కారణాలు చెబుతారు. మిత్రబృందంతో కలిసి చింక్వే తెర్రె అని పిలిచే ఆ అయిదు ఊళ్ళలో ఒక వారం తిరిగివచ్చిన వారికి మాత్రం అసలు సంగతి తెలుసు. ఆ ఊళ్ళు ఉన్నది మనం వాటి ముందు నిలబడి ఫోటో దిగడానికి. ఈ విషయంలో ప్రపంచ దేశాల మధ్య ఎటువంటి అభిప్రాయభేదమూ లేదు కనుక ఇక తేలవలసిన సమస్య ఒక్కటే మిగిలింది: ఫోటోలో మన వెనక పడుతున్న మిగతా జనాన్ని ఏం చేయాలి?

మా బృందంలో సగం మంది హైదరాబాదు నుంచి, మిగతా సగం ఉద్యోగాల నిమిత్తం స్థిరపడిన జర్మనీ నుంచి బయలుదేరి ఆ ఊళ్ళకు దగ్గరి పట్నమైన లా స్పెజియాలో కలుసుకున్నారు. టూరిస్టుల్లా తిరగకూడదని ప్రయాణానికి చాలా ముందుగానే వాట్సాప్‌లో ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాం. టూరిస్టు అంటే ఎవరన్న విషయంలో మాకు స్పష్టత ఉంది. టికెట్ వరుసలో మనకంటే ముందు నిలబడ్డవాడు టూరిస్టు. మనం యాత్రికులం, ప్రకృతి ఆరాధకులం. ఈ తేడా రైల్వే వారికి ఇంకా అర్థం కాకపోవడం వల్ల ఇద్దరినీ ఒకే బోగీలో కుక్కుతున్నారు. ఆ రైలుమార్గం చాలావరకు సొరంగాల్లోనే సాగుతుంది. సొరంగానికీ సొరంగానికీ మధ్య నీలిసముద్రం రెప్పపాటు కాలం కనబడి మాయమవుతుంది. అప్పుడు బోగీలోని ఫోన్లన్నీ ఒక్కుమ్మడిగా పైకి లేచి, తర్వాతి సొరంగంలోని చీకటిని శ్రద్ధగా చిత్రీకరించి, మళ్ళీ కిందికి దిగుతాయి. పక్కన కూరగాయల సంచితో నిలబడ్డ ఊరి ముసలావిడకు ఈ దృశ్యం పట్ల ఏ ఆసక్తీ లేకపోవడం మా అందరినీ బాధించింది. తన ఊరి అందాన్ని గుర్తించలేనివారికి అంత రద్దీ సమయంలో కూర్చునే చోటు ఎందుకివ్వాలన్నది ఆలోచించవలసిన విషయం.

అక్కడి అధికారులు చేతులు ముడుచుకుని కూర్చున్నారని అనడం అన్యాయం. 1997లో యునెస్కో ఈ తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 1999లో జాతీయ పార్కు ఏర్పడింది, ఆ తర్వాత జనం వచ్చారు, జనం వెంట నిబంధనలు వచ్చాయి. మామూలు చెప్పులతో కొండబాట ఎక్కి, సగం దారిలో కాలు బెణికి, రక్షక దళం చేత మోయించుకుంటున్న వారిని చూసి విసిగిపోయి, 2019లో అటువంటివారికి 50 నుంచి 2,500 యూరోల దాకా జరిమానా వేస్తామన్నారు. మా మిత్రుడొకడు తనవి మామూలు చెప్పులు కావనీ, వాటికి వెనక పట్టీ ఉందనీ, వాటి ధర వింటే జరిమానా వేసే అధికారే సిగ్గుపడతాడనీ వాదించాడు. అతని వాదనలో బలం లేకపోలేదు. చెప్పును బట్టి కాక, చెప్పు ఖరీదును బట్టి మనిషి దారుఢ్యాన్ని నిర్ణయించే పద్ధతి మన ఊళ్ళో పెళ్ళిళ్ళలో ఎప్పటి నుంచో అమల్లో ఉన్నదే.

రద్దీ రోజుల్లో ఆ అయిదింటిలోని మోంటెరోస్సో, వెర్నాజ్జాల మధ్య బాటను ఒకవైపు నడకకే పరిమితం చేస్తున్నారు. అది ఎందుకు అవసరమో నడిచినవారికే తెలుస్తుంది. నిమ్మతోటల పక్కగా, రాతిమెట్ల మీదుగా ఎక్కీ దిగీ సాగే ఆ దారి కొన్నిచోట్ల ఎంత ఇరుకంటే, ఎదురుగా మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు గోడకు అతుక్కుపోవలసిందే. మేము నడిచిన రోజున ఆ నియమం లేకపోవడంతో, ఒక మలుపు దగ్గర, విహారనౌక దిగివచ్చిన ఒక దండు ఎదురైంది. ముందు నడుస్తున్న గైడు చేతిలో ముడిచిన ఎర్ర గొడుగు, వెనక వస్తున్నవారి ఛాతీల మీద నంబర్ల స్టిక్కర్లు. మేము గోడకు ఆనుకుని నిలబడ్డాం. వారిలో ప్రతి ఒక్కరూ మర్యాదగా 'బువొన్ జోర్నో', అనగా శుభదినం, అన్నారు, మేమూ ప్రతి ఒక్కరికీ బదులు చెప్పాం. ఊపిరి అందని ఎక్కుడులో నడకకంటే మర్యాద ఎక్కువ అలసట కలిగించగలదని అప్పుడు తెలిసింది. కనుక ఒకవైపు నడకతో సరిపెట్టకుండా, ఆ ఒకవైపు ఏదో నిర్ణయించే అధికారం కూడా మా బృందానికే ఇవ్వాలని మా మొదటి ప్రతిపాదన.

మేము ఆనుకున్న ఆ గోడ గురించి రెండు మాటలు చెప్పాలి. సిమెంటూ సున్నమూ లేకుండా, రాయి మీద రాయి ఇరికించి కట్టిన గోడ అది. సందుల గుండా వాననీరు జారిపోతుంది, వెనక మట్టి నిలుస్తుంది, ఆ మట్టిలో ద్రాక్షతీగ బతుకుతుంది. అలాంటి గోడలతో కొండనంతా మెట్లు మెట్లుగా మలచడానికి ఆ ఊళ్ళవారికి దాదాపు వెయ్యేళ్ళు పట్టింది. ఇటలీతో పాటు మరికొన్ని దేశాల్లో ఉన్న ఈ పొడిరాతి గోడల విద్యను 2018లో యునెస్కో గుర్తించింది. ఈ సంగతులన్నీ ఒక ఫలకం మీద రాసి ఉంటే మా బృందంలో ఒకరు గట్టిగా చదివి వినిపించారు, ఆ వెంటనే మరొకరు చేతులు చాచి, 'ఎంత సహజమైన అందం!' అన్నారు. తోటల్లో ద్రాక్షగంపలు మోయడానికి ఒంటిపట్టా మీద పళ్ళచక్రంతో పాకే చిన్న బండి ఒకటి కనబడింది. నడుం వంచి దాన్ని సరిచేస్తున్న రైతును మావాడు అడిగిన మొదటి ప్రశ్న, దానికి టికెట్ ఎక్కడ ఇస్తారని.

ప్రేమ విషయంలో ఇటలీ వారు చేసిన ఏర్పాటు మరింత మెచ్చదగినది. ఆ అయిదింటిలోనే మరో రెండు ఊళ్ళయిన రియోమజ్జోరే నుంచి మనరోలా దాకా సముద్రం అంచున సాగే 'వియా దెల్లామోరే', అనగా ప్రేమబాట, నిండా ఒక కిలోమీటరు కూడా ఉండదు. 2012లో రాళ్ళు విరిగిపడి నడుస్తున్నవారు గాయపడటంతో దాన్ని మూసివేశారు. కొండకు వలలు బిగించి, దారిని బాగుచేసి, 2024లో తిరిగి తెరిచారు. ఇప్పుడు ప్రేమికులు ముందుగా సమయం ఎంచుకుని, డబ్బు కట్టి, ఆ సమయానికి ద్వారం దగ్గర హాజరు కావాలి. ప్రేమకు ఇన్నాళ్ళూ లోపించిన క్రమశిక్షణ ఇదే. పెళ్ళయి చాలాకాలమైన మా మిత్ర దంపతులు ఆ బాటలో నడిచిన సమయమంతా, టికెట్ క్యూఆర్ కోడు ఎవరి ఫోన్‌లో ఉందన్న చర్చలోనే గడిపారు. దారి పొడవునా వారి గొంతులు తప్ప మాకు సముద్రఘోష వినబడలేదు.

ఇదే తీరంలో వాయవ్యంగా ఉన్న పోర్టొఫీనో ఊరు ఇంకా ముందుకు పోయింది. రేవు దగ్గర సెల్ఫీల కోసం నిలబడిపోయి దారికి అడ్డమవుతున్న జనాన్ని కదిలించడానికి, 2023లో కొన్ని చోట్లను 'ఆగరాదు' అని ప్రకటించి, ఆగినవారికి 275 యూరోల వరకు జరిమానా పెట్టింది. అందమైన చోటు కనబడితే ఆగకూడదన్న ఈ సూత్రం పర్యాటక శాస్త్రానికే తలమానికం. దీన్ని తీరమంతటికీ విస్తరింపజేసి, కదలకుండా నిలబడి చూసే హక్కును రాత్రివేళ అద్దె కట్టి అక్కడే పడుకునేవారికి, అంటే మాకు, ప్రత్యేకించాలి.

భోజనాల దగ్గర పెద్దగా చెప్పుకోవలసినది లేదు, ఒక్క ఫరినాతా తప్ప. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి, పెద్ద రాగిపళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చిన ఆ రొట్టెను నోట పెట్టుకోగానే, 'మామా, ఇది మన శనగపిండి అట్టేరా' అని ఒకడు కేక వేశాడు. మరొకడు బ్యాగులోంచి ఆవకాయ సీసా తీశాడు. దుకాణదారు ఆ ఎర్రటి నూనెను చూసిన చూపులో దౌత్యపరమైన ఆందోళన కనబడింది. బిల్లులో రొట్టెకూ బల్లకూ కలిపి మనిషికింత చొప్పున వేసే 'కోపెర్తో' రుసుము గురించి మాత్రం రాత్రి పొద్దుపోయేదాకా వాదన నడిచింది. రొట్టె ముట్టనివాడు ఆ రుసుము ఎందుకివ్వాలి, వైన్ తాగనివాడి లెక్క వేరుగా రాయాలా, ఉమ్మడి ఖర్చులో నీళ్ళ సీసా చేరుతుందా అన్న ప్రశ్నలు ఖర్చులు పంచుకునే యాప్‌లో ఇంకా పెండింగులో ఉన్నాయి. పచ్చని కొండలకూ నీలి కెరటాలకూ ఎదురుగా కూర్చుని పైసాలతో సహా తేల్చుకోగలగడం స్నేహం గట్టిదనడానికి రుజువు.

ఇక మిగిలినది గోడల సంగతి. ఆ గోడలు కూలుతున్నాయి. ద్రాక్షతోట చేసి బతకడం కంటే గది అద్దెకిచ్చి బతకడం తేలిక. పిల్లలు పట్నాలకు పోయారు, ముసలివాళ్ళు కొండ ఎక్కలేరు. చూసే దిక్కు లేని గోడ కడుపు ఉబ్బి జారుతుంది, దాని పైనున్న మడి దాని వెంటే వస్తుంది. 2011 అక్టోబరు 25న కుండపోత వానకు కొండ మీది మట్టి, రాళ్ళు వెర్నాజ్జా, మోంటెరోస్సో వీధుల్లోకి దిగి ప్రాణాలు తీశాయి. తోటలు పాడుబడటం కూడా ఆ నష్టాన్ని పెంచిందన్న మాట అక్కడ గట్టిగా వినబడుతుంది. ఈ దుఃఖం మమ్మల్ని ఎంత కలచివేసిందంటే, మూసివేసిన బాట బోర్డు కనబడిన ప్రతిచోటా, డబ్బు పోసి ఇంత దూరం వస్తే ఇదేం నిర్వాకమని రివ్యూల్లో నిష్పక్షపాతంగా రాశాం.

మనరోలా పైనున్న తోటల్లో గోడ కడుతున్న ఒక పెద్దాయన, చేయి కలిపేవారు ఎవరొచ్చినా పని నేర్పుతానని సైగలతో చెప్పి, మా చేతికి ఒక రాయి అందించాడు. మేము ఆ రాయిని ఒకరి తర్వాత ఒకరం పట్టుకుని ఫోటోలు దిగి, వరుస క్రమంలో ఆయనకే తిరిగి ఇచ్చాం. పడవ వేళ కావస్తుండటంతో అక్కడే నిలబడి అత్యవసరంగా సమావేశమై, గోడల మరమ్మతు తక్షణం చేపట్టాలనీ, ఆ బాధ్యతను మా వెనక వచ్చే టూరిస్టులకు అప్పగించాలనీ తీర్మానించాం.