17 రోజుల విండో: ఓపెనింగ్‌ను కాదు, రెండో వారాన్ని చూడాలి

సినిమా థియేటర్‌లో విడుదలయ్యాక ఎన్నాళ్లకు ఇంటికి రావాలన్నది (ఆ గడువునే విండో అంటారు) హాలీవుడ్‌లో కోవిడ్‌కు ముందు దాదాపు స్థిరపడ్డ విషయమే. ఇంచుమించు 90 రోజులన్నది అందరూ పాటించిన మర్యాద. 2020 ఏప్రిల్‌లో థియేటర్లు మూతపడి ఉండగా యూనివర్సల్ ‘ట్రోల్స్ వరల్డ్ టూర్’ను 19.99 డాలర్ల రెంటల్‌గా, అంటే ఆన్‌లైన్‌లో అద్దెకు, నేరుగా ఇళ్లకు పంపింది. అమెరికాలో అతిపెద్ద థియేటర్ గొలుసు ఏఎంసీ మండిపడి, ఇక యూనివర్సల్ సినిమాలు ఆడించేది లేదని ప్రకటించింది. మూడు నెలలకే రెండూ రాజీపడ్డాయి. ఇంటికి పంపే ముందు 17 రోజులు థియేటర్‌కే వదిలేస్తే చాలని ఒప్పందం. అదే ఏడాది నవంబర్‌లో మరో థియేటర్ గొలుసు సినీమార్క్‌తో కుదిరిన ఒప్పందంలో ఇంకో షరతు చేరింది. తొలి వారాంతంలో 50 మిలియన్ డాలర్లకు పైగా వసూలు చేసిన సినిమాకు 31 రోజులు, మిగతావాటికి 17.

ఈ అంకెలు వారాంతాల లెక్క నుంచి పుట్టాయి. శుక్రవారం విడుదలైన సినిమాకు మూడో ఆదివారం 17వ రోజు, ఐదో ఆదివారం 31వ రోజు. ఆ వెంటనే వచ్చే మంగళవారం సినిమా ఆపిల్, అమెజాన్‌లలో రెంటల్‌కు ప్రత్యక్షమవుతుంది. డీవీడీల కాలం నుంచీ అమెరికాలో ఇంటి వినోదానికి విడుదల రోజు మంగళవారమే.

ఆ 50 మిలియన్ల షరతే అసలు తప్పు అని నా వాదన. భారీ ఓపెనింగ్స్ వచ్చిన సినిమాకు ఎక్కువ రోజులిచ్చి, తక్కువ ఓపెనింగ్స్ వచ్చినదాన్ని తొందరగా ఇంటికి పంపేయమంటుంది అది. థియేటర్‌లో ఎక్కువ రోజులు ఎవరికి అవసరమో చూస్తే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. భారీ ఓపెనింగ్ సినిమాను అభిమానులు మొదటి మూడు రోజుల్లోనే చూసేస్తారు. రెండో వారాంతంలో వసూళ్లు 50 నుంచి 60 శాతం పడిపోవడం, ఫుల్ రన్ ఓపెనింగ్‌కు రెండున్నర రెట్ల దగ్గర ఆగిపోవడం మామూలే. మౌత్ టాక్‌తో నిలబడాల్సిన సినిమాకు మూడో వారం, నాలుగో వారమే ప్రాణం.

సోనీ తీసిన ‘ఎనీవన్ బట్ యూ’ను చూడండి. 2023 డిసెంబర్ 22న విడుదలైన ఈ రొమాంటిక్ కామెడీ తొలి వారాంతంలో రాబట్టింది సుమారు 6 మిలియన్ డాలర్లు. ఆ రోజు చూసినవాళ్లెవరైనా ఫ్లాప్ అనే రాస్తారు. రెండో వారాంతంలో వసూళ్లు పెరిగాయి, మూడో వారాంతంలో ఇంకా పెరిగి 9 మిలియన్లు దాటాయి. అమెరికా, కెనడాల్లో ఫుల్ రన్ 88 మిలియన్ల దాకా వెళ్లింది. క్రిస్మస్ సెలవులు కలిసొచ్చిన మాట నిజమే. అయినా ఓపెనింగ్‌కు పద్నాలుగు రెట్లను సెలవుల ఖాతాలో వేయలేం. ఈ సినిమా 17వ రోజు 2024 జనవరి 7న పడింది. అప్పటికి రావాల్సిన దాంట్లో దాదాపు సగమే వచ్చింది. యూనివర్సల్ షరతు వర్తించి ఉంటే, వసూళ్లు ఎక్కుతున్న వారంలోనే ఇంటి నుంచి పోటీ మొదలయ్యేది. అమెరికాలో సోనీకి నెట్‌ఫ్లిక్స్, డిస్నీ ప్లస్ లాంటి సొంత ఓటీటీ లేదు. దాన్ని నింపాలన్న తొందరా లేదు. ఆ తీరిక ఈ సినిమాకు పనికొచ్చింది.

డిస్నీకి చెందిన యానిమేషన్ స్టూడియో పిక్సర్ తీసిన ‘ఎలిమెంటల్’దీ ఇదే దారి. 2023 జూన్‌లో 30 మిలియన్లలోపు ఓపెనింగ్ వచ్చింది. పిక్సర్ స్థాయికి అది చాలా తక్కువ. డిస్నీ ఆ సినిమాను రెండు నెలలు థియేటర్లకే ఉంచింది. చివరికి అమెరికాలోనే 150 మిలియన్లు దాటింది.

మరోవైపు 2024 మే 3న వచ్చిన యూనివర్సల్ సినిమా ‘ది ఫాల్ గై’. ఓపెనింగ్ 28 మిలియన్ల లోపు కాబట్టి షరతు ప్రకారం 17 రోజులే. మే 21, మంగళవారం, రెంటల్‌కు వచ్చేసింది. ఆ తర్వాత కూడా థియేటర్లలో ఇంకొన్ని వారాలు ఆడి చెప్పుకోదగ్గ డబ్బు తెచ్చింది. స్టూడియోలు ఇలాంటి ఉదాహరణలే చూపించి, ‘ఇంటికి పంపినా థియేటర్‌కు నష్టం లేదు కదా’ అంటాయి. ఆ సినిమా వరకూ ఆ వాదనను కొట్టిపారేయలేం. దెబ్బ పడేది తర్వాత వచ్చే సినిమా మీద. మూడు వారాలాగితే ఇంట్లోనే చూడొచ్చని ఒకసారి అలవాటైన కుటుంబం, పెద్ద స్టార్లు లేని సినిమాకు, సూపర్‌హీరో లేని సినిమాకు కదలదు. 2019లో 11 బిలియన్ డాలర్లు దాటిన అమెరికా, కెనడాల బాక్సాఫీస్ 2024లో 9 బిలియన్ల లోపే ఉంది. రచయితల, నటుల సమ్మెలు, సినిమాల కొరత కూడా కారణాలే. అయినా ఈ అలవాటును ఆ జాబితాలోంచి తీసేయలేం.

స్టూడియో వైపు లెక్క కూడా చూడాలి, ఎందుకంటే వాళ్లు ఊరికే ఈ దారి పట్టలేదు. 12 డాలర్ల టికెట్‌లో స్టూడియో షేర్ సగం అటూ ఇటూ, అంటే సుమారు 6 డాలర్లు. 19.99 డాలర్ల రెంటల్‌లో దాదాపు 80 శాతం, అంటే 16 డాలర్లు. పైగా విడుదల ప్రకటనలకు ఖర్చుపెట్టిన పదుల మిలియన్ల డాలర్ల ప్రభావం జనం మనసులో ఉండగానే అమ్మేయొచ్చు. 90 రోజులాగితే మళ్లీ ప్రచారం చేయాలి. ఒంటరిగా చూసే ప్రేక్షకుడి విషయంలో ఈ లెక్క తిరుగులేనిది. అదే నలుగురున్న కుటుంబం థియేటర్‌కు వెళితే టికెట్లు 48 డాలర్లు, స్టూడియోకు వచ్చేది 24. ఇంట్లో నలుగురూ చూసినా 16 డాలర్లే. పిల్లల సినిమాలను తొందరగా రెంటల్‌కు పంపడం స్టూడియో సొంత లెక్కలోనే తేడా కొడుతోంది. పైరసీ సంగతీ ఉంది. రెంటల్ మొదలైన కొన్ని గంటల్లో మచ్చలేని డిజిటల్ కాపీ ప్రపంచమంతా తిరుగుతుంది. ఆ సినిమా ఇంకా విడుదల కాని దేశాల్లో ఓపెనింగ్స్‌కు అదే గండి.

2025 వసంతంలో లాస్ వేగాస్‌లో జరిగిన థియేటర్ యజమానుల వార్షిక సదస్సు సినిమాకాన్‌లో థియేటర్ల సంఘం సినిమా యునైటెడ్ అన్ని సినిమాలకూ కనీసం 45 రోజులు కావాలని కోరింది. నేను ఆ పక్షమే, ఒక సవరణతో. మూడో వారానికే షోలు మధ్యాహ్నానికి పరిమితమైపోయిన సినిమాను 45 రోజులు పట్టి ఉంచితే థియేటర్‌కు వచ్చేదేమీ లేదు, చిన్న డిస్ట్రిబ్యూటర్ మాత్రం మునుగుతాడు. ఓపెనింగ్‌కు బదులు రెండో వారాంతాన్ని కొలబద్ద చేసుకోవాలి. తొలి వారాంతంతో పోలిస్తే వసూళ్ల తగ్గుదల 40 శాతం లోపే ఉంటే ఆ సినిమాకు 45 రోజులు ఖాయం.

ఇక్కడ పొరపాటు జరిగే చోట్లు రెండున్నాయి. ఒకటి, గురువారం ప్రివ్యూ షోల డబ్బును శుక్రవారంలో కలిపి చూపడం. దాంతో తొలి వారాంతం ఉబ్బి, రెండో వారం పతనం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అమెరికాలో తెలుగు సినిమాల వసూళ్లు గమనించేవాళ్లకు ఇది కొత్త కాదు, మనవాళ్లు ప్రీమియర్స్ లెక్క విడిగానే చెబుతారు. హాలీవుడ్ కూడా ఈ కొలతకు ప్రివ్యూలను పక్కన పెట్టాలి. రెండోది స్క్రీన్లు. కొత్త సినిమా కోసం పాతదాన్ని వెయ్యి థియేటర్లలో తీసేస్తే మొత్తం వసూలు పడుతుంది, ప్రేక్షకుల ఆదరణ మాత్రం అలాగే ఉండొచ్చు. అందుకే ఒక్కో థియేటర్ సగటు చూడాలి.

తెలుగులో ఇదే గొడవ 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపినప్పుడు చర్చకు వచ్చింది. మన దగ్గర ఓటీటీ తేదీ చాలాసార్లు విడుదలకు ముందే ఒప్పందంలో ఖరారవుతుంది కాబట్టి, సినిమా ఆడినా నిర్మాత చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. అమెరికా రెంటల్ విషయంలో తేదీ నిర్ణయించేది స్టూడియోనే. రెండో వారాంతం కచ్చితమైన లెక్కలు సోమవారం, అంటే 11వ రోజున వస్తాయి. రెంటల్ మంగళవారం 19వ రోజు. మధ్యలో ఎనిమిది రోజులుంటాయి, తేదీని నాలుగు వారాలు వాయిదా వేయడానికి ఆ సమయం సరిపోతుంది. ఆ ఎనిమిది రోజులు గడిచేదాకా రెంటల్ తేదీని ప్రకటించకూడదన్న షరతు కూడా ఒప్పందంలోనే రాసుకోవాలి.