తాటాకు కట్టకు తాళం ఒక్కటే రక్షణ కాదు

చెన్నైలో అడయారు నది సముద్రంలో కలిసే చోట, దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) ఆవరణలోని చెట్ల నడుమ అడయారు గ్రంథాలయం ఉంది. ఆ సమాజం స్థాపకుల్లో ఒకరైన కర్నల్ హెన్రీ ఆల్కాట్ 1886 డిసెంబరులో దాన్ని ప్రారంభించినప్పుడు అందులో ఉన్నవి ఆయన సొంత పుస్తకాలు, ఓ రెండు వందలు. హిందూ, బౌద్ధ, పార్సీ, ముస్లిం పెద్దలు వచ్చి ఆ ప్రయత్నాన్ని దీవించి వెళ్లారు. ఇప్పుడు అక్కడ రెండున్నర లక్షల దాకా అచ్చు పుస్తకాలు, 20,000 దాకా తాళపత్ర గ్రంథాలు ఉన్నాయి. వేదాలు, ఉపనిషత్తులు, ఆగమాలు, తంత్రాలు, బౌద్ధ గ్రంథాలు. ఇది సర్కారు కట్టించింది కాదు, రాజుల కోట నుంచి వచ్చిందీ కాదు. ఒక ప్రైవేటు సంస్థ తన డబ్బుతో, తన మనుషులతో తరతరాలుగా నిలబెట్టుకొస్తున్న సంపద.

ఇలాంటి సంస్థలతో ప్రభుత్వం ఎలా వ్యవహరించాలన్నది ఇప్పుడు తేల్చుకోవలసిన విషయం. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞాన భారతం మిషన్‌ను ప్రకటించారు. దేశంలోని కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి, నమోదు చేసి, భద్రపరచడం దాని లక్ష్యం. విశ్వవిద్యాలయాలు, మ్యూజియాలు, గ్రంథాలయాలతో పాటు ప్రైవేటు సేకర్తలను కూడా కలుపుకుంటామని బడ్జెట్ ప్రసంగంలోనే చెప్పారు. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్‌కు మూడున్నర కోట్లుగా ఉన్న కేటాయింపు ఒక్కసారిగా 60 కోట్లకు పెరిగింది. 2025 సెప్టెంబరులో ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో సదస్సు జరిపి పోర్టల్ కూడా తెరిచారు. మంచి పని, ఆలస్యంగానైనా మొదలైంది. కానీ ఆ డబ్బు దేనికి ఖర్చవుతుంది, ఏ షరతు మీద ఖర్చవుతుంది అన్న దాని మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది. ప్రతుల మీద హక్కు కాపాడుకొచ్చిన వాళ్లదే ఉండనివ్వండి, వాటి జాబితా మాత్రం అందరిదీ కావాలి అన్నది మా అభిప్రాయం.

ప్రైవేటు చేతులను అనుమానంగా చూడటం మన ప్రభుత్వాలకు అలవాటు. మతగ్రంథాల విషయంలో ఆ అనుమానానికి ఆధారం తక్కువ. అథర్వవేదానికి పైప్పలాద శాఖ అని ఒక పాఠం ఉంది. 1870లలో కశ్మీరులో దాని భూర్జపత్ర (భూర్జ చెట్టు బెరడు మీద రాసిన) ప్రతి ఒకటి దొరికి జర్మనీలోని ట్యూబింగెన్‌కు చేరింది. అడుగడుగునా తప్పులున్న ప్రతి అది. పండితలోకానికి దశాబ్దాల పాటు అదొక్కటే దిక్కయింది. 1950లలో కలకత్తాకు చెందిన సంస్కృత పండితుడు దుర్గామోహన్ భట్టాచార్య ఒడిశా పల్లెలు తిరిగితే, అక్కడి బ్రాహ్మణుల ఇళ్లలో ఒడియా లిపిలో, తాటాకుల మీద, ఎంతో మెరుగైన పాఠం బయటపడింది. పోయిందనుకున్న శాఖ ఎక్కడికీ పోలేదు. ఆ ఇళ్ల వాళ్లకు అది ఉందని తెలుసు, బయటి వాళ్లకే తెలియదు. కాపాడిందీ ఆ ఇళ్లే, ఎవరికీ తెలియకుండా ఉండిపోయిందీ ఆ ఇళ్లలోనే. ఈ రెండూ కలిపి చూడాలి.

అడయారు గ్రంథాలయం ప్రత్యేకత, ఇలా ఎవరికీ తెలియకుండా ఉండిపోయే ముప్పును మొదట్లోనే గుర్తించడంలో ఉంది. తమ దగ్గరున్న ఉపనిషత్తుల రాతప్రతులకు వివరణతో కూడిన సూచీని 1908లోనే అచ్చు వేశారు. దాన్ని తయారు చేసిన ఆటో ష్రాడర్ జర్మన్ దేశస్థుడు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే శత్రుదేశం వాడని బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ను అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించింది. అయినా పని ఆగలేదు. మైసూరు నుంచి వచ్చిన ఎ. మహాదేవశాస్త్రి 1920లో యోగోపనిషత్తులతో మొదలుపెట్టి, కంచిలో 18వ శతాబ్దంలో జీవించిన ఉపనిషద్బ్రహ్మయోగి వ్యాఖ్యానంతో సహా వరసగా సంపుటాలు తెచ్చారు. 108 ఉపనిషత్తులకూ వ్యాఖ్య రాసిన యతి ఈ బ్రహ్మయోగి. త్యాగరాజస్వామిని కంచికి రమ్మని శ్రీముఖం పంపింది కూడా ఆయనేనని సంగీత సంప్రదాయం చెబుతుంది. ఆ వ్యాఖ్యానం తాటాకు కట్టల్లోనే ఉండిపోయి ఉంటే, పది ప్రధానోపనిషత్తులు దాటి చదవాలనుకున్న విద్యార్థికి దారి చూపేవాళ్లు చాలా తక్కువమంది మిగిలేవారు. 1937లో ‘బ్రహ్మవిద్య’ పత్రిక మొదలుపెట్టి చిన్న చిన్న గ్రంథాలను అందులో ప్రచురించారు. ముందు సూచీ, ఆ తర్వాత పాఠాన్ని సరిచూసే పరిష్కరణ, ఆ తర్వాత అచ్చు. ఈ వరసలో ఏది తప్పినా మిగతావి నడవవు.

ఇప్పుడు సంరక్షణ సంగతి. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం మొదట కనపడదు. ఆకుపసరో దీపపు మసో పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నలుపు రాలిపోతుంది, ఆకులో చమురు ఆరిపోతుంది. పెళుసెక్కిన ఆకును తిప్పబోతే దారం దూర్చిన రంధ్రం దగ్గరే విరుగుతుంది. గాలిలో తేమ పెరిగితే ఆకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. చెదలు, రామబాణం పురుగు సరేసరి. అందుకే పాతకాలపు లేఖకులు రాతప్రతి చివర ఒక శ్లోకం రాసి పెట్టేవాళ్లు. ‘తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకమ్’. నూనె తగలనివ్వకు, నీళ్లు తగలనివ్వకు, కట్టు వదులు కానివ్వకు, విలువ తెలియనివాడి చేతిలో పెట్టకు అని పుస్తకమే బతిమాలుకుంటున్నట్టు ఉంటుంది. రాసి రాసి నడుము విరిగిన మనిషి రాసిన మాటలవి.

ఆ శ్లోకం కోరిన జాగ్రత్తలన్నీ ఇవాళ జీతాలిచ్చి చేయించాల్సినవే. ఒక్కో ఆకు మెత్తటి కుంచెతో దులపాలి, ఆరిపోయిన ఆకుకు నిమ్మగడ్డి నూనె ఎంత అద్దాలో అంతే అద్దాలి, విరిగిన చోట పల్చటి జపాన్ కాగితం అతకాలి, మళ్లీ పలకల మధ్య పెట్టి సరైన బిగువుతో కట్టాలి. ఒక కట్టలో వందల ఆకులుండొచ్చు. నేర్చిన మనిషికి కూడా రోజంతా చేస్తే కొద్ది ఆకులే అవుతాయి. గదిలో తేమను అదుపులో పెట్టే యంత్రాలు ఏడాది పొడవునా, రాత్రీ పగలూ నడవాలి. అడయారు లాంటి చోట సముద్రపు గాలి ఎప్పుడూ ఉంటుంది, పైగా 2015 డిసెంబరులో ఆ నదే ఉప్పొంగి నగరాన్ని ముంచింది. విరాళాల మీద నడిచే సంస్థకు కరెంటు బిల్లు దగ్గరే టెన్షన్ మొదలవుతుంది.

సర్కారు డబ్బు సాధారణంగా ఇక్కడికి రాదు. స్కానింగ్ దగ్గరికి వస్తుంది. ఎందుకంటే ఫలానా నెలలో ఇన్ని లక్షల పేజీలు అని లెక్క చెప్పుకోవచ్చు. టెండరు పాడుకున్న ఏజెన్సీకి పేజీకి ఇంత అని ముడుతుంది కాబట్టి వేగమే లాభం. నలుపు రాలిపోయిన ఆకును శుభ్రం చేయకుండా, మసి పూయకుండా ఫొటో తీస్తే దొరికేది ఖాళీ ఆకు బొమ్మ. పెళుసు ఆకును గబగబా తిప్పితే ఆ స్కానింగే దాని ఆయుష్షు తీస్తుంది. డిజిటల్ ప్రతి అవసరమే, అగ్ని ప్రమాదం జరిగినా వరద వచ్చినా అదే మిగులుతుంది. కానీ మొదటి రూపాయి మరమ్మతుకు, రెండో రూపాయి సూచీకి, మూడోది కెమెరాకు వెళ్లాలి. మిషన్ మార్గదర్శకాల్లో ఈ వరస రాసి ఉండాలని కోరుతున్నాం.

ప్రైవేటు సంస్థలకూ ఒక మాట చెప్పాలి. మా పూర్వీకులవి, మా గురువులవి, ఎవరికీ చూపించం అనే మఠాలు, ట్రస్టులు, కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల భయానికి కారణాలు లేకపోలేదు. చూసి ఇస్తామని పట్టుకెళ్లిన ప్రతులు తిరిగి రాని అనుభవం చాలా ఇళ్లలో ఉంది. దీక్ష ఉన్నవాళ్లే చదవాలన్న నియమం కొన్ని తంత్ర గ్రంథాలకు ఉంది, దాన్ని గౌరవించాల్సిందే. అయితే గ్రంథం పేరు, లిపి, ఆకుల సంఖ్య, ఇప్పుడున్న స్థితి చెప్పడానికి ఏ దీక్షా అడ్డు రాదు. ప్రజల డబ్బు తీసుకునే సంస్థ ఆ మాత్రం జాబితా ప్రజల ముందు పెట్టాలి, అర్హత ఉన్న పరిశోధకుడు అడిగితే నిర్ణీత గడువులో జవాబివ్వాలి. జాబితా ఉంటే దొంగకూ కష్టమే. 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతిని 1972 నాటి చట్టం పురావస్తువుగా గుర్తించి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకుండా నిషేధించింది. కానీ ఉందని రికార్డే లేని కట్ట పోయిందని ఎవరు ఫిర్యాదు చేస్తారు?

తెలుగువాళ్లకు జాబితా విలువ చెప్పడానికి తిరుమలే చాలు. అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు గుడిలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాల పాటు మౌనంగా ఉండిపోయాయి. పోయిన శతాబ్దంలో వాటిని వెలికి తీశాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి వారు కూర్చుని రేకు రేకూ చదివి, నకలు తీసి, పరిష్కరించి, కొన్నింటికి స్వరాలు కట్టారు. అందుకే ఇవాళ ఆ పాటలు ఇంటింటా వినిపిస్తున్నాయి. రాగి కాబట్టి అంతకాలం ఓర్చుకుంది. తాటాకుకు మూడు నాలుగు వందల ఏళ్లే గొప్ప, అదీ బాగా చూసుకుంటే. కృష్ణా, గోదావరి తీరాల అగ్రహారాల్లో అటకల మీద ఉన్న కట్టలు ఆ వయసుకు దగ్గర పడుతున్నాయి. జీర్ణమైన ప్రతికి కొత్త నకలు తీసి పాతదాన్ని నదిలో కలపడం ఒకప్పటి పద్ధతి. నకలు రాసే వాళ్లు పోయారు, నదిలో కలపడం మాత్రం మిగిలింది.

చదివే వాళ్ల కొరత ఇంకా భయపెడుతోంది. మన ప్రాంతంలో సంస్కృత గ్రంథాలను ఎక్కువగా తెలుగు లిపిలోనే రాసుకున్నారు. పదాల మధ్య ఖాళీ ఉండదు, ఒత్తులు ఇప్పటి తీరులో ఉండవు. సంస్కృతం ఎమ్మే చేసిన విద్యార్థికి దేవనాగరి అచ్చు వచ్చు, తాతగారి తాటాకు రాదు. దక్షిణాదిలో సంస్కృతం రాసుకున్న నందినాగరి, గ్రంథ లిపుల సంగతి చెప్పనే అక్కర్లేదు. తిరుపతిలో 1939 నుంచి ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, హైదరాబాద్ తార్నాకలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ఈ రెండు చోట్లా లిపి పఠనం, తాళపత్ర సంరక్షణ కలిపి నేర్పే కోర్సులు పెట్టి, స్టైపెండ్ ఇచ్చి, నేర్చుకున్న వాళ్లను మఠాలకు, ట్రస్టులకు, ఇళ్లకు పంపించాలి. కట్ట ఇల్లు కదలకూడదు, నిపుణుడే ఇంటికి వెళ్లాలి. అలా అయితేనే తలుపులు తెరుచుకుంటాయి.

ఇందుకు ముందు ఒక కాగితం కావాలి. రాతప్రతి ఎవరిది, స్కాన్ చేసిన బొమ్మల మీద హక్కు ఎవరిది, ఎవరు ఏ షరతు మీద చూడొచ్చు, మరమ్మతులో ఆకు పాడైతే బాధ్యత ఎవరిది అన్న నాలుగు సంగతులూ స్పష్టంగా రాసిన ఒప్పందం. ఒక పల్లెటూరి పురోహితుడు చదివి అర్థం చేసుకోగలిగే తెలుగులో దాన్ని తయారు చేసి, ఏ ఇంటి తలుపు తట్టకముందే జిల్లా కలెక్టరేట్లలోను, దేవాదాయ శాఖ కార్యాలయాల్లోను అందుబాటులో ఉంచాలి.