చందుర్తికి రాని క్లైవ్

రాబర్ట్ క్లైవ్ అనగానే మనకు ప్లాసీ గుర్తొస్తుంది. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న, 1757 అని రాసేస్తే సరి. అదే చందుర్తి ఎక్కడుందని అడిగితే గోదావరి జిల్లాల పిల్లలు కూడా తెల్లముఖం వేస్తారేమో.

ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో 1725లో పుట్టిన క్లైవ్, 1744లో మద్రాసు వచ్చింది ఈస్టిండియా కంపెనీలో గుమాస్తాగిరీకి. రెండేళ్లకు ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నాక కలం వదిలి తుపాకీ పట్టాడు. 1751లో కొద్దిమంది సిపాయిలతో ఆర్కాటు కోటను 50 రోజులు నిలబెట్టాడు. ధైర్యం లేనివాడని ఎవరూ అనలేరు. కానీ ప్లాసీని గెలిపించింది బేరసారాలే. బెంగాల్ నవాబు సేనాని మీర్ జాఫర్‌కు గద్దె ఆశ చూపారు. మధ్యవర్తి అమీచంద్‌ను మోసగించడానికి దొంగ ఒప్పందపత్రం తయారు చేసి, దానిమీద చేవ్రాలు చేయనన్న అడ్మిరల్ వాట్సన్ సంతకాన్ని కూడా వాళ్లే గీసేశారు. గెలిచాక క్లైవ్ సొంత జేబులో పడింది 2,34,000 పౌండ్లు. తర్వాత పార్లమెంటు నిలదీస్తే, ఇంత తక్కువతో సరిపెట్టుకున్నందుకు తనకే ఆశ్చర్యంగా ఉందన్నాడట!

ఇక మన సంగతి. బొబ్బిలి యుద్ధం ముగిశాక తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు చనిపోయాడు. ఆయన తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. సాయం చేయమని కబురు పెడితే మద్రాసులోని కంపెనీ కుదరదంది, కలకత్తాలో ఉన్న క్లైవ్ సరేనన్నాడు. తను రాలేదు, కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సేన చిత్తయింది. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూలింది. చుట్టమై వచ్చి దయ్యమై పట్టడమంటే ఇదే. 1765లో అలహాబాద్‌లో మొఘల్ చక్రవర్తి షా ఆలం దగ్గర బెంగాల్ దివానీ (పన్నులు వసూలు చేసుకునే హక్కు) రాయించుకున్నప్పుడే, ఉత్తర సర్కారులకూ, అంటే మన కోస్తా జిల్లాలకూ, క్లైవ్ ఫర్మానా (రాజాజ్ఞ) సంపాదించాడు. ఆ ప్రాంతానికి పాలకుడైన హైదరాబాద్ నిజాం అలీని మరుసటి ఏడాది డబ్బు, సైనిక సాయం మాటలతో దారికి తెచ్చుకున్నారు.

లండన్‌లో విదేశాంగ కార్యాలయం పక్కన క్లైవ్ కంచు విగ్రహం ఉంది. తీసేయాలని 2020లో గట్టిగానే గొడవ జరిగింది. అది వాళ్లు తేల్చుకుంటారు. మేం అడిగేది మన పాఠ్యపుస్తకం గురించి: ప్లాసీ పక్కన చందుర్తికి ఒక పేజీ ఇవ్వండి, ఫోర్డ్‌ను పిలిచింది మన రాజేనన్న మాట కూడా అందులో దాచకుండా రాయండి.